గింజా, పొట్టూ, అరోరా

2024 మే 11, శనివారం. ఎన్నికల ప్రచారానికి ఆఖరి రోజు. అనంతపురంలో మా వీధిలో పొద్దున్నుంచే మైకు ఆటోలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. ఫోన్ తెరిస్తే పార్టీల ఫార్వర్డ్‌ల మధ్యలో ఎర్రటి ఆకాశం ఫొటోలు. ముందు రాత్రి లడఖ్‌లోని హాన్లేలో అరోరా, అంటే మామూలుగా ధ్రువాల దగ్గర ఆకాశంలో కనపడే రంగుల వెలుగు, కనపడిందట. నేను చేసే పని తెలిసిన వాళ్ళంతా అదే ఫొటో పంపారు, కొందరు రెండేసి సార్లు. "మేడం, మనకూ కనపడుతుందా?" అని మా ఫైనలియర్ పిల్లలు అడిగారు. కనపడదని చెప్పి, ఎందుకు కనపడదో కూడా నాలుగు లైన్లు రాశాను. సాయంత్రం ఆరింటికి మైకులు ఆగిపోయాయి. ఎనిమిదింటికి నేనే మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూస్తూ అరగంట నిలబడ్డాను. చదువు వేరు, ఆశ వేరు. ఏమీ కనపడలేదు.

పిల్లలకు రాసిన నాలుగు లైన్లు ఇవి. ఒక కుట్టుసూదికి సరిగ్గా నడుమ దారం కట్టి, సమంగా తూగేట్టు చూసుకుని, అప్పుడు దాన్ని అయస్కాంతంతో రుద్ది వేలాడదీయండి. నార్వేలోని ట్రోమ్సోలో అయితే అది దాదాపు నిట్టనిలువుగా తల కిందకి వేస్తుంది. మన దగ్గర ముక్కు కొంచెం వంచి పడుకుంటుంది. అయస్కాంత భూమధ్యరేఖ, అంటే ఆ సూది పూర్తిగా అడ్డంగా పడుకునే గీత, మనకు దక్షిణంగా తిరునెల్వేలి దగ్గర్లోనే పోతుంది మరి. సూది చూపేది భూమి అయస్కాంత రేఖల వాలునే. అరోరాను వెలిగించే ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంటే జారతాయి. అక్కడ ఆ రేఖలు నేలలోకి దిగే మెట్లు. ఇక్కడ అవి మన నెత్తిన అడ్డంగా పరిచిన దూలాలు.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పీహెచ్‌డీ చేసింది అరోరా ప్రాంతంలోని ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువును, కంప్యూటర్‌లో కట్టి చూడటం మీద. అంటే జీవితంలో ఒక్కసారి కూడా చూడనిదాన్ని ఐదేళ్ళు లెక్కకట్టాను. ఈ మాట చెప్పినప్పుడల్లా రెండు రకాల మనుషులు తగులుతారు. "అది కంప్యూటర్ బొమ్మ కదండీ, నిజం కాదు కదా" అనేవాళ్ళు ఒక రకం. స్క్రీన్ మీద ఆకుపచ్చ తెర ఊగితే చాలు, "అచ్చం అట్లే ఉంది, అంటే కరెక్టే" అనేవాళ్ళు రెండో రకం. మొదటి రకంతో నాకు పెద్ద పేచీ లేదు, అరగంట కూర్చోబెడితే దారికొస్తారు. రెండో రకంతోనే నా గొడవంతా. ఎందుకంటే నేనూ కొన్నాళ్ళు అందులో ఉన్నాను. సిమ్యులేషన్‌ను నమ్మాలా వద్దా అన్నది అది గీసిన బొమ్మ చూసి తేల్చకూడదు. దాన్ని కట్టేటప్పుడు దేన్ని తీసేశారో అడిగి తేల్చాలి.

ముందు అసలు చిక్కేమిటో చెప్తాను. "సూర్యుడి నుంచి వచ్చిన కణాలు ధ్రువాల దగ్గర గాలిని తాకి వెలుగుతాయి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. తప్పని అనను. పెళ్ళి భోజనం గురించి అడిగితే "బియ్యం పొలంలో పండింది, విస్తట్లో పడింది" అన్నట్టుంటుంది. మరి వండింది ఎవరు? సౌరపవనంలో వచ్చే ఎలక్ట్రాన్ శక్తి పది ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. అరోరాను వెలిగించే ఎలక్ట్రాన్‌ది వెయ్యి నుంచి పది వేల దాకా. ఐదు వేల ఎలక్ట్రాన్ వోల్టులంటే సెకనుకు సుమారు 42,000 కిలోమీటర్ల వేగం. భూమి వెనకున్న అయస్కాంత తోకలో కొంత వేడెక్కుతాయి నిజమే, కానీ ఆఖరి తోపు పడేది మాత్రం నేలకు కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో. ఆ తోసేది ఎవరు, ఎట్లా తోస్తారు అన్నదే మా వంటగది.

తోయడానికి అయస్కాంత రేఖ పొడవునా విద్యుత్ క్షేత్రం కావాలి. అక్కడే ఇబ్బంది. ప్లాస్మా మంచి వాహకం. రేఖ వెంట వోల్టేజీ పెడితే ఎలక్ట్రాన్లు పరుగెత్తుకొచ్చి క్షణంలో దాన్ని చెరిపెయ్యాలి. వేల వోల్టులు నిలబడకూడదు. అయినా నిలబడుతున్నాయి. దీనికి ఒక మంచి జవాబు 1973లో నైట్ అనే ఆయన ఇచ్చాడు. అయస్కాంత రేఖలు భూమి దగ్గరికి వచ్చేకొద్దీ గరాటులా బిగుసుకుంటాయి. చుట్టలు తిరుగుతూ దిగే ఎలక్ట్రాన్లలో చాలావాటిని ఆ బిగువే వెనక్కి తిప్పి పంపేస్తుంది. దాదాపు తిన్నగా వచ్చినవే కిందికి దిగుతాయి. పైనున్న వ్యవస్థకు అంతకంటే ఎక్కువ కరెంటు కావాలంటే వోల్టేజీ పెట్టి గరాటులోంచి బలవంతంగా తోయాల్సిందే.

సరే, ఎంత వోల్టేజీ కావాలో లెక్క దొరికింది. అది ఎక్కడుంది? వేల కిలోమీటర్ల పొడవునా పలచగా పరుచుకుందా, లేక ఒకచోట సన్నని పొరలో ముడి పడిందా? అట్లాంటి పొరను డబుల్ లేయర్ అంటారు. ధన చార్జి ఒక పక్క, రుణ చార్జి ఒక పక్క, మధ్యలో వోల్టేజీ ఒక్క ఉదుటున పడిపోతుంది. 1996లో పంపిన ఫాస్ట్ అనే నాసా ఉపగ్రహం 350 నుంచి నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ ఇట్లాంటి పొరల గుర్తులు పట్టింది. వాటితో పాటు ఎలక్ట్రాన్ హోల్స్, అంటే ఎలక్ట్రాన్లు పలచబడిన ఖాళీలు, కూడా. అట్లాంటిది పక్కగా పోతే విద్యుత్ క్షేత్రం ఒకసారి పైకి లేచి, వెంటనే కిందికి పడి, మామూలైపోతుంది. మిల్లీసెకన్ల పని. కానీ ఉపగ్రహం సెకనుకు కిలోమీటర్ల లెక్కన దూసుకుపోతుంటుంది. పరుగెత్తే బస్సు కిటికీలోంచి ఒక ఇంటి ముందు జనం గుమిగూడి ఉండటం చూశామనుకోండి. పెళ్ళా, చావా, పంచాయితీనా? ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది? బస్సు వెళ్ళిపోయింది. సిమ్యులేషన్ అవసరం అక్కడొస్తుంది. అదే ఇంటి ముందు మనం బెంచీ వేసుకుని కూర్చోవచ్చు.

కూర్చోవడం ఇట్లా. ఖాళీ స్థలాన్ని గడులుగా కోస్తాం. అందులో ఎలక్ట్రాన్లు, అయాన్లు చల్లుతాం. ప్రతి అడుగులో ఏ గడిలో ఎంత చార్జి ఉందో పోగేస్తాం, దాని నుంచి విద్యుత్ క్షేత్రం కడతాం, ఆ క్షేత్రం ప్రతి కణాన్ని ఎంత తోస్తుందో చూస్తాం, కణాన్ని అంత జరుపుతాం. మళ్ళీ మొదటికి. లక్షల సార్లు ఇంతే. 1950లు, 60లలో బునెమన్, డాసన్ లాంటి వాళ్ళు కొన్ని వందల కణాలతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు కోట్లతో చేస్తున్నాం గానీ గుండె అదే.

మరి మొత్తం అరోరానే కట్టెయ్యొచ్చు కదా అంటారు. కాగితం మీద లెక్క వేద్దాం. ఘన సెంటీమీటరుకు ఒక ఎలక్ట్రాన్, ఉష్ణోగ్రత ఒక ఎలక్ట్రాన్ వోల్టు అనుకోండి. అక్కడ ప్లాస్మా తన చార్జిని తాను కప్పుకునే దూరం, అంటే డిబై దూరం, ఏడున్నర మీటర్లకు కాస్త తక్కువ. గడి దానికంటే చిన్నదిగా ఉంటే మంచిది, 5 మీటర్లు తీసుకుందాం. వంద కిలోమీటర్ల ముక్క కట్టాలంటే ఒక్కో వైపు 20,000 గడులు. మూడు వైపులా కలిపి 8 లక్షల కోట్లు. గడికి వంద కణాలంటే 8 కోట్ల కోట్లు. ఇక కాలం. ఆ సాంద్రతలో ఎలక్ట్రాన్లు సెకనుకు 9,000 సార్లు ఊగుతాయి. ఆ ఊపు తప్పిపోకుండా పట్టాలంటే నిజమైన ఒక్క సెకనుకు ఐదున్నర లక్షల అడుగులు వెయ్యాలి. ఆకాశంలో పది నిమిషాలు నిలబడే ఒక అరోరా తీగకు 33 కోట్ల అడుగులు. ఏ కంప్యూటర్ తెచ్చినా ఏదో ఒకటి తీసెయ్యక తప్పదు.

నేను చాలా తీసేశాను. మూడు దిక్కుల్లో రెండు తీసేశాను. గరాటు బిగువు తీసేశాను. ఆక్సిజన్ అయాన్లు తీసేశాను. మిగిలింది ఒకే ఒక గీత, 1024 గడులు, ఐదు లక్షల ఎలక్ట్రాన్లు. ఇది నా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ చాలక నాలుగు రోజుల రన్ గంగలో కలిసిన రోజున, గంటకోసారి ఫైల్ సేవ్ చేసుకోవాలన్న బుద్ధి వచ్చింది. అది వేరే కథ.

ఆ ఒక్క గీతలోనూ ఏం కనపడుతుందో చెప్పకుండా ఉండలేను. స్క్రీన్ మీద అడ్డంగా దూరం, నిలువుగా వేగం. మొదట్లో రెండు పట్టీలు: కింద నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్లు, పైన వేగంగా పోయే గుంపు. చీమల బారుల్లా ఉంటాయి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత పై బారు సన్నగా వణుకుతుంది, అల కడుతుంది, ఆ అల శిఖరం ముందుకు వాలి కిందికి చుట్టుకుంటుంది. కింది బారు పైకి లేచి దాన్ని అందుకుంటుంది. చూస్తుండగానే వరసగా కళ్ళు తెరుచుకుంటాయి, ప్రతి కంటి నడుమ ఖాళీ, చుట్టూ తిరిగే చుక్కలు. అవే ఎలక్ట్రాన్ హోల్స్. వాటిలో ఒకటి ఉపగ్రహం పక్కగా పోతే క్షేత్రం పైకి లేచి కిందికి పడుతుంది, ఫాస్ట్ చూసినట్టే. మొదటిసారి ఇది వచ్చిన రాత్రి అమ్మ మంచినీళ్ళ కోసం లేచి నా వెనక నిలబడింది. "ఇదేందే, మెలికల ముగ్గు మాదిరుంది" అంది. చుక్కల చుట్టూ తిరిగే గీతలు కదా, నిజమే. ఇప్పటికీ నా ఫోల్డర్ పేరు ముగ్గులే.

ఇంత అందంగా వస్తే నమ్మబుద్ధేస్తుంది. ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. అరోరాకు మొదటి సిమ్యులేషన్ చేసింది కంప్యూటర్ కాదు. నార్వేకు చెందిన క్రిస్టియన్ బిర్కెలాండ్ 1890ల చివర్లో మొదలుపెట్టి గాజు పెట్టెలో గాలి తీసేసి, లోపల అయస్కాంతం ఉన్న గోళం పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లను వదిలాడు. ఆ గోళానికి టెరెల్లా అని పేరు, చిన్న భూమి అని అర్థం. గోళం ధ్రువాల చుట్టూ వెలుగు ఉంగరాలు కట్టింది! చూసినవాళ్ళు ఎవరైనా "అచ్చం అట్లే ఉంది" అనే అంటారు. రేఖల వెంట కరెంట్లు పారుతాయని ఆయన చెప్పింది నిజమైంది కూడా, ఉపగ్రహాలు వచ్చాక 1960లు, 70లలో అది రూఢి అయింది. కానీ సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్ ధారలు తిన్నగా వచ్చి ధ్రువాలను తాకుతాయన్న మాట నిలబడలేదు. బొమ్మ ఒప్పు, వంట తప్పు.

ఆయన సహచరుడు కార్ల్ స్టోర్మర్ గణిత శాస్త్రవేత్త. ఒక్కో కణం భూమి అయస్కాంతంలో ఏ దారిన పోతుందో విద్యార్థులతో కలిసి చేత్తో లెక్కలు కట్టించాడు, కొన్ని వేల గంటలు. లెక్క ఒక్కటీ తప్పు లేదు. కానీ ఆ లెక్క ప్రకారం అరోరా ఉండాల్సిన చోటికంటే ధ్రువానికి మరీ దగ్గరగా వచ్చింది. సరిపెట్టడానికి భూమి చుట్టూ ఒక కరెంటు ఉంగరం ఉందనుకోవాల్సి వచ్చింది. ఆయన తీసేసింది ఒక్కటే: కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం. ఒక్కో కణం విడివిడిగా పోతుందనుకున్నాడు. ప్లాస్మా అంటేనే ఆ తోసుకోవడం. స్టోర్మర్ అంటే నాకు చాలా ఇష్టం. తీసేసిందేమిటో అరమరిక లేకుండా కాగితం మీద పెట్టాడు కాబట్టి, తర్వాతివాళ్ళు ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నారు.

నా సంగతికొస్తాను. పీహెచ్‌డీ మూడో ఏడు. పెట్టె ఇంకా పొడవుగా కావాలని ఆశ పుట్టింది, కంప్యూటర్ అదే. గడిని పెంచేశాను, ఒక్కో గడి పది డిబై దూరాలు. రన్ బ్రహ్మాండంగా నడిచింది. ఎలక్ట్రాన్లు వేడెక్కుతూ పోయాయి, గ్రాఫు మెట్టు మెట్టుగా పైకి. వేగంగా వచ్చే గుంపు తన శక్తిని ఇట్లా పంచి పెడుతోంది, అరోరా ప్రాంతంలో కనపడే వేడికి కారణం దొరికింది అనుకున్నాను. మూడు వారాలు నిద్ర పట్టలేదు, సంతోషంతో. స్లైడ్లు కట్టాను. డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో అరగంట మాట్లాడాను. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

మా గైడ్ సార్ చివరి బెంచీలోంచి ఒక్క ప్రశ్న అడిగారు. "ఆ గుంపును తీసేసి రన్ చేశావా?"

చెయ్యలేదు. ఆ రాత్రే చేశాను. వేగంగా వచ్చే గుంపు లేదు, తోసేవాళ్ళు లేరు, ప్రశాంతంగా కూర్చోవాల్సిన ఎలక్ట్రాన్లు. అవీ వేడెక్కాయి. అదే గ్రాఫు, అదే వాలు. వేడి ఆకాశంలోది కాదు, నా గడులది. గడి డిబై దూరాన్ని మరీ దాటితే కణాలు లేని అలలను ఉన్నట్టు చూస్తాయి, వాటితో కొట్టుకుని వేడెక్కుతాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. నా గ్రాఫు దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు, గ్రాఫు అంత అందంగా ఉంది మరి.

అప్పట్నుంచి నా పిల్లలు ఎవరు ప్రాజెక్టు తెచ్చినా మొదట అడిగేది ఇదే. ఏమీ జరగకూడని రన్‌లో ఏం జరిగింది? ఆ స్లైడు లేకుండా రంగు రంగుల వీడియో తెస్తే చూడను. కొంతమందికి కోపం వస్తుంది, రానీండి.

మరి దేన్నీ నమ్మకూడదా అంటే, అట్లా అనడం లేదు. మనం తీసేసినవాటిని తీసెయ్యని ఇంకో సాక్షి కావాలి. అరోరాను వెలిగించే ఇంకో దారి ఆల్వేన్ అలలు. 1942లో హాన్నెస్ ఆల్వేన్ ఊహించిన ఈ అలలు అయస్కాంత రేఖల వెంట, తీగె మీటినట్టు, పరుగెత్తుతాయి. దాదాపు అల వేగంతోనే, కొంచెం నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్‌ను ఆ అల వెనక నుంచి ఎత్తుకుపోతుందని కాగితం మీదా కంప్యూటర్‌లోనూ ఏళ్ళ తరబడి చూపించారు. 2021లో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని 20 మీటర్ల ప్లాస్మా గొట్టంలో నిజంగానే అట్లాంటి అలను పంపి, ఎలక్ట్రాన్లు దాని నుంచి శక్తి తీసుకోవడం కొలిచారు. ఆ గొట్టంలో గడులు లేవు. అందుకే ఆ పేపరు వచ్చిన రోజు నాకు హాన్లే ఫొటో కంటే ఎక్కువ సంబరం.

అనంతపురంలో కూర్చుని ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు నేను పెద్దగా జవాబు చెప్పను. ఫాస్ట్ డేటా ఎవరైనా దించుకోవచ్చు, ఒక గీత ప్లాస్మాకు మామూలు ల్యాప్‌టాప్ చాలు, అనుమానించడానికి ఊరితో పనేముంది. కానీ ఆ ప్రశ్న మా చిన్నాయన అడిగినప్పుడు మాత్రం చెప్పాల్సి వచ్చింది.

మే 13, పోలింగ్ రోజు. ఓటెయ్యడానికి ఊరికి పోయాను. వర్షాలు పడితే విత్తాలని వసారాలో శెనక్కాయలు ఒలుస్తున్నారు. మా పిన్నమ్మ చేటతో గింజలు పైనుంచి పోస్తోంది. గాలికి పొట్టు నాలుగడుగుల అవతల పడుతోంది, గింజలు కాళ్ళ దగ్గరే గుట్ట కడుతున్నాయి. చిన్నాయన కట్ట మీద కూర్చుని వేలికున్న సిరా చూసుకుంటూ అన్నాడు.

"అది ఈడ కనపడేది కాదంట గదా పాపా. కనపడనిదానికి ఇన్నేండ్లు సదవాల్నా?"

నాకు ఆ చేటే దొరికింది. చిన్నాయనా, మా లెక్కలోనూ గింజా పొట్టూ ఉంటాయి, అన్నాను. అయాన్ గింజ, ఎలక్ట్రాన్ పొట్టు. రెండింటినీ తోసే బలం ఒకటే. కానీ నా లెక్కలోని అయాన్, అంటే ప్రోటాన్, ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువు, అందుకే పొట్టు ఎగిరిపోతుంది, గింజ కదలదు. (గాలికి ఎగరడంలో లెక్క కాస్త వేరు, కానీ వసారాలో అంతకంటే నిక్కచ్చిగా చెప్పలేకపోయాను.) కంప్యూటర్‌లో అంత బరువు పెడితే గింజ కదిలేదాకా లెక్క తెమలదు, నెలలు పడుతుంది. అందుకని నేను వంద రెట్లే పెట్టినా. పద్దెనిమిదో వంతు చేసినా.

చాలామంది చేస్తారు ఈ పని. వంద, ఇరవై ఐదు కూడా పెడతారు. పేపర్లో ఒక లైను రాసి ముందుకు పోతారు. అయాన్ల వేగం బరువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి అయాన్లు నిజంగా కదిలేదానికంటే నాలుగు రెట్ల పైచిలుకు చురుగ్గా కదులుతాయి. "ఫలితాల మీద పెద్ద ప్రభావం ఉండదని ఆశిస్తున్నాం" అని నేనూ నా థీసిస్‌లో రాసుకున్నాను. వైవాలో ఎవరూ అడగలేదు.

చిన్నాయన ఒక గుప్పెడు గింజలు తీసుకుని, రెండు మూడు నోట్లో వేసుకుని, మిగతావి చేటలోకి విసిరాడు. "గింజను అంత తేలిక చేస్తే అదీ పొట్టుతో పాటే పోతాది గదా. ఎంత పోతాదో సూసినావా?"

వందతో చేశాను, ఇరవై ఐదుతో చేశాను, రెంటికీ తేడా పెద్దగా లేదని ధైర్యం చెప్పుకున్నాను. 1836తో చెయ్యలేదు. పిన్నమ్మ నవ్వు ఆపుకోవడానికి చేట అడ్డం పెట్టుకుంది.

ఊరి నుంచి వచ్చాక సెలవుల్లో కాలేజీ ల్యాబులో ఎవరూ వాడని డెస్క్‌టాప్ అడిగి తీసుకున్నాను. యూపీఎస్ నాదే కొన్నాను. గడులు 1024, ఎలక్ట్రాన్లు ఐదు లక్షలు, అయాన్లు ఐదు లక్షలు, బరువు 1836. పక్కనే రెండో విండోలో వేగంగా వచ్చే గుంపు లేని రన్ కూడా పెట్టాను. మొదటి వారం తర్వాత ఎలక్ట్రాన్లు ముగ్గులు వేశాయి. అయాన్లు మాత్రం ఇంకా కదలడం మొదలుపెట్టలేదు.